గడప ముందు గుర్రం దిగిన గవర్నర్లు: డమాస్కస్ కోట పడమటి ద్వారం

14వ శతాబ్దపు డమాస్కస్ నగర చరిత్రను ఏటికేడు రాసిపెట్టిన ఇబ్న్ కసీర్ గ్రంథంలో ఒక వర్తమానం మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. ఈజిప్టునూ సిరియానూ కైరో నుంచి ఏలిన మమ్లూకు సుల్తాను పంపిన కొత్త గవర్నర్ వస్తాడు, కోట పడమటి ద్వారమైన బాబ్ అస్సిర్ దగ్గర గుర్రం దిగుతాడు, ఆనవాయితీ ప్రకారం ఆ గడపను ముద్దాడుతాడు, అక్కడి నుంచి తన నివాసమైన దార్ అస్సఆదకు వెళ్ళిపోతాడు. గవర్నర్ల పేర్లు మారుతూ ఉంటాయి, కొందరు ఏడాది కూడా నిలవరు, కానీ ఈ నాలుగు పనులూ వాటి వరుసా మారవు. గొప్ప అమీరులు, వేలమంది సైనికులకు ఆజ్ఞలిచ్చేవారు, ఊరంతా చూస్తుండగా ఒక రాతి గడప ముందు వంగడంలోని అర్థమేమిటో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మధ్యయుగపు సిరియా కోటల గురించి రాసేవారు బురుజుల ఎత్తునూ గోడల మందాన్నీ వర్ణిస్తారు గానీ, ఆ ద్వారాల దగ్గర రాజ్యాధికారం ఎలా నడిచిందో తక్కువగా చెబుతారు. నా దృష్టిలో అదే అసలు విషయం.

ముందుగా ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పాలి. అలెప్పో కోట ఎత్తైన దిబ్బ మీద నిలబడి ఊరినంతటినీ పైనుంచి చూస్తుంది. డమాస్కస్ కోట అలాంటిది కాదు. అది ఊరితో సమానమైన నేల మీద, ప్రాకారపు వాయవ్య మూలలో, బరదా నది పక్కన ఉంటుంది. 1076లో ఊరిని పట్టుకున్న తుర్కు సేనాని అత్సిజ్ ఆ కోటకు పునాది వేశాడు. ఇప్పుడు మనం చూసే కట్టడంలో ఎక్కువ భాగం మాత్రం సుల్తాను సలాహుద్దీన్ తమ్ముడు అల్ ఆదిల్ 1203 నుంచి 1216 వరకు కట్టించినది. ఒక్కొక్క బురుజు ఖర్చును ఒక్కొక్క రాకుమారుడికో అమీరుకో అప్పగించి ఆయన ఆ పని నడిపించాడు. ఉత్తరాన ఉన్న బాబ్ అల్ హదీద్ సైనికుల రాకపోకలకు వాడే ద్వారం. తూర్పు ద్వారం ఊరి లోపలికి తెరుచుకుంటుంది, తేనెపట్టు గదుల్లా ఒకదాని కింద ఒకటి దిగివచ్చే రాతి చెక్కడపు కప్పు దానికి అలంకారం. పడమటి వైపున్న బాబ్ అస్సిర్ ప్రాకారం బయటికి తెరుచుకుంటుంది. సుల్తాను ఊరి వీధుల్లో పడకుండా బయటి మైదానానికి వెళ్ళడానికీ, అక్కడ 13వ శతాబ్దపు మమ్లూకు సుల్తాను బైబర్స్ కట్టించిన నలుపు తెలుపు రాళ్ళ వరుసల అబ్లక్ భవనానికి చేరడానికీ అది అనువైన దారి.

ఆ పడమటి ద్వారానికి కాస్త దక్షిణంగా నగర ప్రాకారంలో బాబ్ అన్నస్ర్ అనే ద్వారం ఉండేది. దానిలోంచి లోపలికి వెళ్ళగానే గవర్నర్ నివాసం దార్ అస్సఆద వచ్చేది. 12వ శతాబ్దంలో డమాస్కస్‌ను ఏలిన నూరుద్దీన్ ప్రజల ఫిర్యాదులు వినడానికి కట్టించిన న్యాయమందిరమే తరువాతి కాలంలో ఈ నివాసంగా మారింది. ఆ మందిరం కట్టిన వార్త విని నూరుద్దీన్ సేనాని షీర్కూహ్, తన మనుషుల మీద ఎవరికి ఏ ఫిర్యాదు ఉన్నా వెంటనే తీర్చేయమని, ఒక్కడి కారణంగానైనా తాను అక్కడికి వెళ్ళి నిలబడే పరిస్థితి రాకూడదని తన అధికారులను హెచ్చరించినట్లు చరిత్రకారుడు ఇబ్న్ అల్ అసీర్ రాశాడు. ప్రజల మొర వినే చోటు, ఊరి ద్వారం, రాజు కోట ఒకదాని పక్కన ఒకటి ఉండటం వల్ల ఆ కొద్ది నేల మీద జరిగే ప్రతి పనికీ సాక్షులు ఉండేవారు. ఆచారం నిలబడాలంటే సాక్షులు కావాలి.

ఇక అధికారం సంగతి. మమ్లూకుల రాజ్యానికి కైరో రాజధాని, సిరియా ప్రాంతాల్లో డమాస్కస్ మొదటిది. డమాస్కస్ గవర్నర్ చేతిలో పెద్ద సైన్యం, పెద్ద ఆదాయం, తన సొంత అమీరుల బలగం ఉండేవి. అంతటివాడు తిరగబడితే ఏం జరుగుతుందో కైరోకు బాగా తెలుసు. అందుకే గవర్నర్ నివాసానికి ఆనుకుని ఉన్న కోటను గవర్నర్ చేతికి ఇవ్వలేదు. కోటకు వేరే నాయిబును, అంటే తన ప్రతినిధిని, సుల్తాను స్వయంగా నియమించేవాడు. అతను గవర్నర్‌కు కాక నేరుగా కైరోకు జవాబుదారీ. పదవుల వరుసలో గవర్నర్ కంటే అతను చాలా చిన్నవాడు, అతని దగ్గర ఉండే సైనికులూ కొద్దిమందే. అయినా ద్వారం మూయడం, తెరవడం అతని చేతిలోని పని. అంటే డమాస్కస్‌ను ఏలడానికి వచ్చిన పెద్దమనిషి ప్రతి ఉదయం తన వాకిట్లోకి వచ్చి నిలబడితే, తనకు ప్రవేశం లేని గోడలు ఎదురుగా కనిపించేవి. ఈ ఏర్పాటును మనసులో పెట్టుకుని చూస్తే గడప ముద్దు సంగతి తేటపడుతుంది.

గవర్నర్ ప్రవేశం ఒక్క రోజులో, ఒక్క అడుగులో ముగిసేది కాదు. ఈజిప్టు దారి దక్షిణం నుంచి వస్తుంది. ఊరికి దక్షిణాన, యల్‌బుగా అల్ యహ్యావీ అనే గవర్నర్ పేరు మీద వెలసిన గుమ్మటం ఒకటి ఉండేది. కొత్తగా వచ్చేవాడు ముందు అక్కడ విడిది చేసేవాడు. నగరపు కాజీలు, అమీరులు, గుమాస్తాలు, పెద్ద వ్యాపారులు ఎదురువెళ్ళి పలకరించేవారు. 1260ల్లో బైబర్స్ చేసిన ఏర్పాటు వల్ల నాలుగు న్యాయ సంప్రదాయాలకు నలుగురు పెద్ద కాజీలు ఉండేవారు, ఆ నలుగురూ రావలసిందే. మర్నాడో ఆ తరువాతో సుల్తాను ఇచ్చిన గౌరవ వస్త్రం ధరించి గవర్నర్ గుర్రం ఎక్కితే, అందరూ తమ తమ హోదా ప్రకారం ముందూ వెనకా నడిచేవారు. వీధి పొడుగునా అంగళ్ళ ముందు జనం నిలబడేవారు, కొవ్వొత్తులు వెలిగించేవారు. ఊరేగింపు ప్రాకారం బయటి నుంచి వచ్చి కోట పడమటి గోడ కిందికి చేరేది. అక్కడ వాద్యాలూ గుర్రాలూ జనమూ అన్నీ ఆగిపోయేవి. గవర్నర్ ఒక్కడు దిగి ముందుకు నడిచి గడపను ముద్దాడేవాడు. తరువాతే బాబ్ అన్నస్ర్ వైపుకూ తన నివాసానికీ సాగేవాడు. కొన్ని సందర్భాల్లో, పదవిలో ఉన్న గవర్నర్‌కు కైరో నుంచి కొత్త గౌరవ వస్త్రం వచ్చిన రోజున కూడా ఈ గడప దగ్గరికి వచ్చి ఆ మర్యాద పాటించడం కనిపిస్తుంది.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకునే అంశం ఒకటుంది. సాధారణంగా ద్వారం దగ్గర జరిగే వేడుక లోపలికి అడుగుపెట్టడానికి ముందు జరిగేది. మన ఇళ్ళలో గడపకు పసుపు రాసి బొట్టు పెట్టడమూ లోపలికి రాబోయే శుభం కోసమే. బాబ్ అస్సిర్ దగ్గర జరిగేది దానికి పూర్తిగా భిన్నం. గవర్నర్ ఆ గడపను ముద్దాడి, ఆ గడప దాటకుండా పక్కకు తిరిగి వెళ్ళిపోతాడు. కైరో దర్బారులో సుల్తాను ఎదుటికి వెళ్ళిన అమీరు నేలను ముద్దాడాలన్నది నియమం. డమాస్కస్‌లో సుల్తాను ఉండడు, ఆయన ఇల్లు మాత్రం ఉంటుంది. ఆ ఇంటి గడప ఆయన పాదాల చెంత నేలకు బదులుగా నిలుస్తుంది. మూసి ఉన్న ఆ తలుపు ముందు వంగడం ద్వారా గవర్నర్ ఊరందరి ఎదుట ఒప్పుకునేది ఏమిటంటే, ఈ కోట తనది కాదు, తనను పంపినవాడిది. ఒప్పంద పత్రాల్లో, ప్రమాణాల్లో ఉండే మాటను చదువురాని కూలివాడికి కూడా అర్థమయ్యేలా శరీరంతో చెప్పించారు. నేను ఎరిగిన రాజ్య మర్యాదల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత స్పష్టంగా మాట్లాడినవి చాలా అరుదు.

15వ శతాబ్దం చివరా 16వ శతాబ్దం మొదటా డమాస్కస్ దినచర్యను రాసిన ఇబ్న్ తూలూన్ రచనల్లో, ఇదే చోట గవర్నర్లు రెండు రకాత్‌ల (ఆవృత్తుల) నమాజు చేయడం ఆనవాయితీగా కనిపిస్తుంది. రాజుకు చూపే విధేయతా దేవుడికి చేసే ప్రార్థనా ఒకే స్థలంలో కలవడం యాదృచ్ఛికం అని నేను అనుకోను. చుట్టూ నిలబడిన కాజీలకు, మసీదు పండితులకు గడప ముద్దు కంటే నమాజు చూడటానికి హాయిగా ఉండి ఉంటుంది. మనిషి ముందు సాష్టాంగపడినట్లు కనిపించే మర్యాదలను ఇస్లామీయ పండితులు ఏనాడూ మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. నమాజు చేస్తే విధేయత చెడదు, శాస్త్రమూ చెడదు, చోటు మాత్రం అదే ఉంటుంది.

సుల్తాను తానే వచ్చిన రోజుల సంగతి వేరు. 1291లో అక్కా (ఏకర్) నగరాన్ని ఫ్రాంకుల (ఐరోపా క్రూసేడర్ల) నుంచి గెలుచుకుని సుల్తాను అల్ అష్రఫ్ ఖలీల్ డమాస్కస్ వచ్చినప్పుడు ఊరంతా అలంకరించారని, దారి పొడవునా పట్టు వస్త్రాలు పరిచారని, సంకెళ్ళు వేసిన 280 మంది బందీలు ఆయన ముందు నడిచారని, వారిలో ఒకడి చేత తలకిందులు చేసిన ఫ్రాంకు జెండా పట్టించారని ఆనాటి వర్ణన చెబుతుంది. 1310 జనవరిలో అన్నాసిర్ ముహమ్మద్, నేటి జోర్డాన్‌లోని కరక్ కోటలోని ఏకాంతం విడిచి పోగొట్టుకున్న సింహాసనం కోసం బయలుదేరి, ముందుగా డమాస్కస్‌లో ప్రవేశించాడు. ఆయన గుర్రం కాళ్ళ కింద పట్టు గుడ్డలు పరుస్తూ, గుర్రం దాటిపోయిన గుడ్డను వెనక నుంచి చుట్టేస్తూ వచ్చారని, తల మీద రాజఛత్రం పట్టారని ఇబ్న్ కసీర్ రాశాడు. అప్పటికి కైరోలో ఇంకొక సుల్తాను కూర్చుని ఉన్నాడు. డమాస్కస్ వీధిలో ఛత్రం పట్టించుకోవడమంటే ఆ రెండో సుల్తానును కాదనడమే. కొద్ది వారాల్లో కైరో కూడా ఆయన వశమైంది. ఈ ఊరేగింపులు కంటికి పండుగే కానీ, నాకు గవర్నర్ గడప ముందు ఆగిన ఆ కొద్ది క్షణాలే ఎక్కువ చెబుతాయి. గెలిచినవాడు పట్టు మీద నడవడం ఏ దేశంలోనైనా ఉన్నదే.

ఈ మర్యాద ఎంత బలమైనదో దాన్ని ఉల్లంఘించినవారిని చూస్తే తెలుస్తుంది. 1260లో మమ్లూకులు మంగోలులను ఓడించిన ఐన్ జాలూత్ యుద్ధం ముగిసిన కొన్నాళ్ళకే డమాస్కస్ గవర్నర్ సంజర్ అల్ హలబీ తానే సుల్తానునని ప్రకటించుకున్నాడు, కొద్దికాలంలోనే ఓడిపోయాడు. అంతకంటే వివరమైన కథ సున్కుర్ అల్ అష్కర్‌ది. 1280 వసంతంలో ఒక సాయంత్రం అసర్ నమాజు తరువాత ఆయన దార్ అస్సఆద నుంచి గుర్రమెక్కి బయలుదేరాడు. అమీరులూ సైనికులూ ఆయన ముందు కాలినడకన సాగారు. కోటకు ఊరి వైపున ఉన్న ద్వారం మీద పడి లోపలికి చొరబడి, అమీరులను పిలిపించి తనను సుల్తానుగా ఒప్పుకుంటూ ప్రమాణం చేయించుకుని, అల్ మలిక్ అల్ కామిల్ అనే బిరుదు పెట్టుకున్నాడు. ఆ వర్ణనలోని ఒక్కొక్క వివరమూ ఆచారానికి తలకిందులు. గవర్నర్ దిగి నడవవలసిన చోట ఈయన గుర్రం మీద ఉన్నాడు, తక్కినవారు నడిచారు. గడప బయట ఆగవలసినవాడు గడప దాటాడు. ఆయన నోటితో సుల్తానునని చెప్పకముందే, గుర్రం దిగకుండా లోపలికి వెళ్ళినప్పుడే తిరుగుబాటు పూర్తయింది. ఆ ఏడాది జూన్‌లోనే ఆయన ఓడిపోయి డమాస్కస్ విడిచి పారిపోయాడు. 1361లో బైదమూర్ అనే గవర్నర్ కూడా కోటను తన చేతిలోకి తీసుకోవడంతోనే తిరుగుబాటు మొదలుపెట్టి, కైరో సైన్యం వచ్చాక లొంగిపోయాడు. కోట ఎవరి చేతిలో ఉందన్నదే ప్రతిసారీ మొదటి ప్రశ్న.

కోట నాయిబు తలుపు తెరవనన్నందువల్ల జరిగినవి ఇంకా పెద్దవి. 1299 డిసెంబరులో ఇరాన్‌ను ఏలిన మంగోల్ రాజు (ఇల్‌ఖాను) గాజాన్ మమ్లూకు సైన్యాన్ని ఓడించాక డమాస్కస్ పెద్దలు ప్రాణభయంతో ఊరిని అప్పగించారు, మసీదులో శుక్రవారపు ప్రసంగం గాజాన్ పేరు మీద చదివారు. కోట నాయిబు అర్జవాష్ మాత్రం లొంగలేదు. ఊరు మంగోలులది, కోట మాత్రం ఇంకా సుల్తానుదే అన్న పరిస్థితి వారాల తరబడి సాగింది. ఈ మొండితనానికి ఊరు చెల్లించిన మూల్యం తక్కువది కాదు, కోట చుట్టుపక్కల ఉన్న విద్యాలయాలూ ఇళ్ళూ కాలిపోయాయి. అయినా గాజాన్ తిరిగి వెళ్ళిపోయాక ఈజిప్టు సైన్యం వచ్చి చూసేసరికి కోట సుల్తాను పేరు మీదే నిలబడి ఉంది. అర్జవాష్ వీరుడా, మూర్ఖుడా అన్న ప్రశ్నకు ఆ కాలిన ఇళ్ళవారి జవాబు వేరుగా ఉండవచ్చు. నేను మాత్రం అతన్ని గౌరవిస్తాను, ఎందుకంటే తన చేతిలో పెట్టింది తనది కాదన్న స్పృహ ఆ రోజుల్లో ఊరిలో అతనికే మిగిలింది.

దాదాపు నూరేళ్ళ తరువాత తైమూరు వచ్చినప్పుడు ఇదే కథ బాబ్ అన్నస్ర్ దగ్గర మళ్ళీ నడిచింది. 1401 జనవరిలో యువ సుల్తాను ఫరజ్ డమాస్కస్‌ను వదిలి కైరోకు వెళ్ళిపోయాడు. ఊరి పెద్దలు సంధి కోసం తైమూరు శిబిరానికి వెళ్ళదలచి బాబ్ అన్నస్ర్ తెరవబోతే, కోట నాయిబు అడ్డుపడి, ఆ ద్వారం తెరిస్తే ఊరిని తగలబెడతానని బెదిరించాడని చరిత్రకారుడు ఇబ్న్ తగ్రీబిర్దీ రాశాడు. కోట గోడల కిందే ఉన్న ఆ ద్వారం మీద అతని బాణాలు పడతాయి కనుక పెద్దలు దాన్ని వదిలేసి గోడ మీది నుంచి తాళ్ళతో దిగవలసి వచ్చింది. ఆ రోజుల్లో డమాస్కస్‌లోనే ఉన్న ప్రసిద్ధ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ కూడా తెల్లవారుజామున గోడ మీది నుంచి తాడుతో దింపించుకుని తైమూరును కలవడానికి వెళ్ళినట్లు తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. చివరికి తైమూరు మనుషుల కోసం తెరిచింది దక్షిణపు గోడలోని బాబ్ అస్సగీర్. గవర్నర్లు ఊరేగిన ద్వారం గుండా కాక, సమాధుల వైపుకు తెరుచుకునే చిన్న ద్వారం గుండా ఆ సంధి ఊరిలోకి వచ్చింది. కోట కొన్ని వారాల పాటు ముట్టడిని తట్టుకుని లొంగిపోయింది. ఆ మార్చిలో ఊరు దోపిడీకి గురై, పెద్ద మసీదుతో సహా కాలిపోయింది.

ఇన్ని జరిగినా ఆచారం మళ్ళీ తలెత్తింది. అది మమ్లూకులతోనూ అంతం కాలేదు. 1516లో ఉస్మానీ (ఒట్టోమన్) సుల్తాను సలీం డమాస్కస్ తీసుకున్నాక రాజధాని కైరో నుంచి ఇస్తాంబుల్‌కు మారింది, అంటే సుల్తాను ఇంకా దూరమయ్యాడు. అయినా కొత్తగా వచ్చిన పాషాలు (ఉస్మానీ గవర్నర్లు) బాబ్ అస్సిర్ దగ్గర ఆగి నమాజు చేసే అలవాటు కొనసాగింది. కోటను గవర్నర్ చేతికి ఇవ్వకూడదన్న పాత జాగ్రత్త కూడా కొనసాగింది. 17వ శతాబ్దం మధ్యలో స్థానిక జానిసరీల (ఉస్మానీ కాల్బలపు సైనికుల) బలం పెరిగినప్పుడు ఇస్తాంబుల్ తన సొంత జానిసరీ దళాన్ని పంపి కోటనూ నగర ద్వారాలనూ దానికి అప్పగించింది. రాజవంశం మారింది, భాష మారింది, కోట దగ్గర కాపలా కాసేవారి దుస్తులు మారాయి, ఎదురుగా ఉన్న నివాసంలోని మనిషి మీద అనుమానం మాత్రం మారలేదు. గవర్నర్‌ను ఆపింది భక్తి కంటే ఆ అనుమానమేనని నా అభిప్రాయం. గడపను ముద్దాడించిన రాజ్యం తన ప్రతినిధిని పూర్తిగా నమ్మిన రాజ్యం కాదు.

19వ శతాబ్దంలో ఆ వ్యవస్థకే కాలం చెల్లింది. బండ్లు తిరిగే వెడల్పాటి వీధులు, కొత్త కచేరీలు, కొత్త సైనిక వసతులు వచ్చాక, 1863లో ఉస్మానీ అధికారులు బాబ్ అన్నస్ర్‌ను కూల్చివేశారు. ద్వారం ఉన్న చోట ఇప్పుడు ఇనుప రేకుల కప్పు వేసిన హమీదియా బజారు పడమటి మొదలు కనిపిస్తుంది. కోట 1980ల వరకూ జైలుగా ఉండిపోయింది. పడమటి గోడను కమ్మేసిన అంగళ్ళను కూడా ఆ దశకంలోనే తొలగించారు. తరువాత ఆ గోడ ముందు గుర్రం మీది సలాహుద్దీన్ విగ్రహాన్ని పెట్టారు. పర్యాటకులు దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. సలాహుద్దీన్ ఆ కోటలోనే 1193లో కన్నుమూశాడు కనుక ఆ విగ్రహానికి అక్కడ హక్కు ఉంది, కానీ ఆ గోడ చరిత్రలో గుర్రం మీద ఉన్నవారి కంటే గుర్రం దిగినవారే ఎక్కువ. బాబ్ అన్నస్ర్ పేరు ఇప్పుడు అక్కడి నుంచి పడమరకు సాగే వీధికి ఉంది. నూరుద్దీన్ ఫిర్యాదులు విన్న స్థలానికి దగ్గరగా, ఆ అన్నస్ర్ వీధిలోనే నేటి డమాస్కస్ న్యాయస్థాన భవనం నడుస్తోంది.